డాబా మీద కెటిల్‌బెల్: మా శ్రీకాకుళం ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు

ప్రాజెక్టు ఏంటో ముందే రాసి పడేస్తున్నా, తర్వాత నేనే మాట మార్చకుండా. ఒకే ఒక్క కెటిల్‌బెల్ (పైన పట్టుకోడానికి పిడి ఉన్న ఇనప గుండు), మా ఇంటి డాబా, వారానికి మూడు రోజులు, ఒక్కోసారి అరగంటకి మించకుండా, సంక్రాంతి దాకా. జిమ్‌కి వెళ్ళను. టౌన్లో జిమ్ములు లేక కాదు, 80 అడుగుల రోడ్డు వైపు వెళ్తే బోర్డులు బోలెడు, కానీ నాది ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం, పొద్దున్న ఏడింటికల్లా ఫాస్టింగ్ షుగర్ వాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చునుంటారు, సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిల్లాడి హోంవర్కు, వంట, ఇంక జిమ్‌కి పోయి రావడం అంటే అయ్యే పని కాదు.

వాకింగ్ చేస్తున్నావు కదా, చాలదా అని మా ఆయన అడిగారు. చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటిది ఒక లెక్క, అది కాకుండా కండలకి పని చెప్పే వ్యాయామం కనీసం రెండ్రోజులు అని వేరే లెక్క ఉంది. ఆ రెండోది మన ఇళ్ళల్లో ఆడోళ్ళెవరూ చెయ్యం, ఇంటి చాకిరీయే వ్యాయామం అనేసుకుంటాం. కెటిల్‌బెల్‌తో ఆయాసమూ వస్తుంది, బలమూ వస్తుంది, ఒకే సామానుతో రెండూ అయిపోతాయి, మూలన పెడితే స్టూలంత చోటు కూడా అక్కర్లేదు, అందుకే ఇది.

మొదలెట్టే ముందు మా ల్యాబ్‌లోనే హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకున్నా, బీపీ కూడా. హిమోగ్లోబిన్ ఆడోళ్ళకి 12 దాటాలి, రోజూ నా చేతి మీదుగా వెళ్ళే రిపోర్టుల్లో ఎనిమిదీ తొమ్మిదీ ఉన్నోళ్ళు ఎంతమందో, వాళ్ళు మెట్లెక్కితేనే ఆయాసపడతారు, ముందు ఆ సంగతి చూసుకోవాలి గానీ బరువులు తర్వాత. క్రియాటినిన్ ఎందుకంటే మన జిల్లా సంగతి తెలిసిందే కదా, ఉద్దానం వైపు కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మా పుట్టిల్లు అటే. కుర్రాళ్ళు జిమ్‌లో చేరిన వారానికే ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనేస్తారు, ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు అడిగి మింగేస్తారు, ఆ నొప్పి బిళ్ళలే కిడ్నీకి చేటు. అంచేత ఈ ప్రాజెక్టులో పౌడర్లు లేవు, బిళ్ళలు లేవు. గుడ్లు, చేపలు, పెసలు, ఉలవలు, పొద్దున్న చోడి (రాగి) అంబలి. అంతే.

జూన్ మొదట్లో

ఏది కొనాలి అన్నదానికే బుర్ర వేడెక్కింది. మామూలుగా అలవాటు లేని ఆడోళ్ళకి 8 నుంచి 12 కేజీలు, మగాళ్ళకి 16తో మొదలెట్టమంటారు. రెండు కేజీలు, నాలుగు కేజీలు రంగు రంగులవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ స్వింగ్‌కి, అంటే బెల్‌ని తొడల మధ్య నుంచి ఛాతీ దాకా ఊపడానికి, పనికిరావు, మరీ తేలికైతే చేత్తో ఎత్తేస్తాం, నడుం కింద భాగానికి పనే ఉండదు. నేను నీళ్ళ బిందెలు మోసి పెరిగిన మనిషిని కాబట్టి 12 తీసుకున్నా.

ఇక రకాలు. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు పోసినవి చవగ్గా దొరుకుతాయి, కానీ బరువుకి మించి లావుగా ఉంటాయి, తొడల మధ్య పట్టవు. పోటీలకి వాడే స్టీలువి ఉంటాయి, అవి 8 కేజీలైనా 32 కేజీలైనా సైజు ఒకటే, బరువుని రంగుతో గుర్తుపడతారు, 12కి నీలం, 16కి పసుపు, 24కి ఆకుపచ్చ, 32కి ఎరుపు. బాగుంటాయి, ధరా ఎక్కువే. ఇంటికి పోత ఇనుముది చాలు. పిడి మందం 33 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండి, రెండు చేతులూ పట్టేంత సందు ఉండి, నేల మీద పెడితే ఊగకుండా నిలబడితే అది మంచిదే. ఇంకోటి ఎవరూ చెప్పరు, పిడి కింది వైపు పోత అతుకు గీత ఉంటుంది, చేతిగుడ్డ పెట్టి లాగి చూడండి, దారం పట్టుకుందంటే అది మీ అరచెయ్యిని కూడా పట్టుకుంటుంది. నాదానికి కొంచెం ఉంది. మావయ్య దగ్గర ఆకురాయి తీసుకుని రుద్ది, పైన గరుకు కాగితం పెట్టా, పోయింది.

మావయ్య అంటే మా మావగారు, ఆయనది బియ్యం కొట్టు. పార్సిల్ విప్పుతుంటే ఆయన కుర్చీలోంచి లేచి వచ్చేశారు.

“ఏటమ్మా ఇది? ఎన్ని కేజీలు?”

“పన్నెండు మావయ్యా.”

“ఎవుడు సెప్పాడు పన్నెండని?”

“దాని మీదే రాసుంది కదా.”

“రాసుంటే సరిపోద్దేటి?” అని దాన్ని కొట్లోకి పట్టుకెళ్ళి కాటా మీద పెట్టేశారు. 11 కేజీల 640 గ్రాములు. ఆయన మొహం చూడాలి. “తరుగు మూడొందల అరవై గ్రాములు! కేజీకి ముప్పై గ్రాములు కొట్టేసినాడు. నాను ఇలగ బియ్యం తూస్తే తూనికలు కొలతలోళ్ళు కేసు రాసీరూ?” అని సాయంత్రం దాకా వచ్చిన ప్రతి బేరానికీ చెప్పారు. నాకైతే ఆ మూడొందల అరవై గ్రాములతో ఏ ఇబ్బందీ లేదు. ఆయనకి మాత్రం ఇంకా పోలేదు.

కానీ ఆయన చిరాకులో న్యాయం ఉంది, ఎందుకంటే ఈ సామాను పుట్టిందే కాటా దగ్గర. రష్యాలో సంతల్లో ధాన్యం తూచడానికి వాడిన ఇనప తూకం రాళ్ళే ఇవి, పైన పట్టుకోడానికి పిడి. సంత ఖాళీ అయ్యాక కుర్రాళ్ళు పందేలు కాసి ఎత్తేవాళ్ళు, అలా ఆటగా మారింది. వాళ్ళ పాత కొలత పూడ్, అంటే 16.38 కేజీలు. అందుకే ఇప్పటికీ అసలు సైజులు 16, 24, 32, అంటే ఒక పూడ్, ఒకటిన్నర, రెండు. ఇది చెప్తే మావయ్య చల్లబడ్డారు. “అయితే మన మణుగు లాంటిదన్నమాట” అన్నారు. కొట్లో మూలన ఆయన పాత ఇనప తూకం రాళ్ళు ఇంకా ఉన్నాయి, ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక వాటికి పని లేదు, 20 కేజీలది పిడితో సహా. దాన్ని డెడ్‌లిఫ్ట్‌కి, అంటే నేల మీద నుంచి బరువు పట్టుకుని లేచి నిలబడటానికి, అడిగా, ఇచ్చారు. ఇచ్చి, “ఇది మాత్రం కరెక్టుగా ఇరవై” అన్నారు.

అసలు మనకి ఇది కొత్తేమీ కాదు, సంగిడీలు ఉన్నాయి కదా, చేతిపట్టు ఉన్న బరువు రాళ్ళు, పండగలకి ఊళ్ళల్లో ఇప్పటికీ ఎత్తే పోటీలు పెడతారు. వీరఘట్టంలో పుట్టిన మల్లవీరుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరుతో టౌన్లో స్టేడియమే ఉంది. బరువులెత్తడం మన వైపు నీళ్ళల్లోనే ఉంది, మధ్యలో ఎక్కడో ఇళ్ళల్లోంచి పోయిందంతే.

జూన్ రెండో సగం

మా అప్ప మొగుడు పీఈటీ మాస్టారు, ఆమదాలవలస వైపు హైస్కూల్లో. బావని ఆదివారం పిలిచి భోజనం పెట్టి మరీ నేర్పించుకున్నా. ఆయన వచ్చి బెల్‌ని ముట్టుకోనివ్వలేదు. పిలిచింది దానికే కదా బావా అంటే, “ముందు వంగడం నేర్చుకో మరదలా, బెల్లు ఎక్కడికీ పారిపోదు” అన్నారు.

వంగడం అంటే ఇక్కడే మొత్తం కథ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తా. స్వింగ్ అనేది చేతుల వ్యాయామం కాదు, గుంజీలూ కాదు. తుంటి దగ్గర మడత పడాలి, మోకాళ్ళు కొద్దిగా వంగితే చాలు, వీపు తిన్నగా ఉండాలి. రెండు చేతుల్లో కూర గిన్నెలుంటే వంటింటి తలుపుని పిర్రతో తోస్తాం చూడండి, అదే కదలిక. బావ నన్ను పిట్టగోడకి వీపు పెట్టి జానెడు దూరంలో నిలబెట్టారు, పిర్రలు వెనక్కి తోసి గోడకి ఆనించాలి, మోకాళ్ళు ముందుకి పోకూడదు. ఆనించాక ఇంకో నాలుగు వేళ్ళు ముందుకి జరగమన్నారు, మళ్ళీ ఆనించు. ఇంకొంచెం జరుగు. ఒక దగ్గరకొచ్చేసరికి తొడల వెనక కండలు తాడులా బిగుస్తాయి, అదిగో అక్కడే ఆగాలి, ఆ బిగువే మనకి కావాల్సింది.

తర్వాత బూజుకర్ర తెమ్మన్నారు. బూజు దులిపే కుచ్చు తీసేసి కర్రని వీపు మీద నిలువుగా పట్టుకోవాలి, ఒక చెయ్యి మెడ వెనక, ఒకటి నడుం వెనక. కర్ర మూడు చోట్ల తగలాలి: తల వెనక, రెండు భుజాల ఎముకల మధ్య, నడుం కింద ముడ్డిపూస దగ్గర. వంగినప్పుడు ఈ మూడిట్లో ఏదైనా విడిపోయిందంటే వీపు గూనిగా మారిందనో తల ఎత్తేశామనో అర్థం. అద్దం అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు, కర్రే చెప్పేస్తుంది. నా మట్టుకు ఈ బూజుకర్ర ఇరవై వీడియోలకి సమానం. ఆ వారమంతా బెల్ లేకుండా ఇదే పని, అన్నం వార్చేటప్పుడు, బకెట్ ఎత్తేటప్పుడు, ల్యాబ్‌లో కింద అరలోంచి రీఏజెంట్ బాక్స్ తీసేటప్పుడు కూడా.

“వంగమంటే ఇన్నాళ్ళూ కూర్చునేదానివి, ఇప్పుడు వంగుతున్నావు” అని బావ ఒప్పుకున్నాకే బెల్ చేతికొచ్చింది. మొదట డెడ్‌లిఫ్ట్, బెల్ రెండు పాదాల మధ్య పెట్టి అదే మడతతో లేవడం. దీన్ని చాలామంది దాటేస్తారు, దాటకండి.

జూలై

స్వింగ్ మొదలు. బెల్ పాదాలకి అడుగు ముందు పెట్టాలి, వంగి పట్టుకుని కాస్త మన వైపు వాల్చాలి, అక్కడ్నుంచి తొడల మధ్యలోకి వెనక్కి గట్టిగా విసరాలి. ముంజేతులు తొడల లోపలి వైపు పై భాగంలో తగలాలి, బెల్ మోకాళ్ళ కంటే కిందకి దిగకూడదు, దిగితే నడుం లాగుతుంది. అప్పుడు ఒక్కసారిగా లేచి పిర్రలు బిగించి నిలబడాలి, నోట్లోంచి హుస్‌మని గాలి వదలాలి, బెల్ దానంతటదే ఛాతీ దాకా తేలుతుంది. చేతులు ఊరికే పట్టుకోడానికే. పైనుంచి పడేటప్పుడు తొందరపడి ముందే వంగిపోకూడదు, ముంజెయ్యి వచ్చి ఒంటికి తగలబోతుంది అన్నప్పుడు వంగాలి. ఈ ఆగడం ఉంది చూశారూ, అదే కష్టం.

చేత్తో ఎత్తుతున్నామో తుంటితో తోస్తున్నామో తెలియాలంటే తువ్వాలు పరీక్ష ఉంది. పిడిలోంచి తువ్వాలు దూర్చి రెండు కొసలూ పట్టుకుని స్వింగ్ చెయ్యాలి. తువ్వాలూ బెల్లూ ఒకే గీతలో వెళ్తే తుంటి పని చేస్తున్నట్టు. బెల్ కిందకి వేలాడిపోతూ తువ్వాలు మడత పడితే చేతులు లాగుతున్నట్టు. పాత తువ్వాలు వాడకండి, చిరిగితే బెల్ ఎక్కడికెళ్ళి పడుతుందో చెప్పలేం, మా కిందింటి వాళ్ళ సిమెంటు రేకులు డాబా పక్కనే ఉన్నాయి.

పక్కరోజు నొప్పి ఎక్కడుందో చూసుకోవడం కూడా ఒక కొలత. తొడల వెనక, పిర్రల్లో సలుపు ఉంటే సరిగ్గా చేసినట్టే. నడుం పట్టేసినట్టుంటే మళ్ళీ బూజుకర్ర దగ్గరికి వెళ్ళాలి. కాల్లోకి జివ్వుమని దిగితే మాత్రం ఆపేసి డాక్టర్ దగ్గరికే.

ఇప్పుడు బట్టల సంగతి, దీని గురించి మగాళ్ళు తీసిన వీడియోల్లో ఒక్క ముక్క ఉండదు. నైటీతో స్వింగ్ అవ్వదు, బెల్ వెనక్కి పోయేటప్పుడు గుడ్డ కూడా పోతుంది. చున్నీ వద్దు. ట్రాక్ ప్యాంటు, పైన కాటన్ టాప్. పుస్తెలతాడు టాప్ లోపలికి వేసి పిన్ను పెట్టుకోవాలి, లేకపోతే గాబ్లెట్ స్క్వాట్‌లో (బెల్ గుండెకి ఆనించుకుని గొంతుక్కూర్చోడం) బెల్‌కీ ఛాతీకీ మధ్య నలుగుతుంది. కాళ్ళకి రన్నింగ్ షూస్ కంటే ఉత్త కాళ్ళే నయం, మెత్తటి అడుగు మీద నిలకడ ఉండదు. గాజులు తియ్యాల్సిందే. ఇక్కడ అత్తమ్మతో పెద్ద పంచాయితీ అయింది, బోడి చేతులతో ఇంట్లో తిరగడం ఏంటని. పట్టు దారం ఒకటి పసుపు రాసి మణికట్టుకి కట్టారు, గాజులు మెట్ల దగ్గర మేకుకి తగిలించి పైకెళ్ళి, దిగేటప్పుడు వేసుకుని దిగడం. ఆవిడకీ సరే, నాకూ సరే.

రెండో అభ్యంతరం దానికంటే పెద్దది. “ఆడోళ్ళు బరువులెత్తితే గర్భసంచి జారిపోద్ది.” ఇది మా అత్తమ్మ ఒక్కరే కాదు, వీధిలో అందరూ అంటారు. ఇప్పటికే జారినట్టు ఉన్నవాళ్ళు, ఈమధ్యే కాన్పు అయినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి పోకూడదు, అది నిజం. మిగతావాళ్ళు తేలిగ్గా మొదలెట్టి మెల్లగా పెంచుకుంటే భయం లేదు. ఆవిడకి ఇలా చెప్తే ఎక్కలేదు గానీ, ఇక్కడే ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్ 69 కేజీల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది కదా అత్తమ్మా, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ మన గుంటే కదా అన్నా. విజయనగరం పక్కన కొండవెలగాడ చూడండి, నెల్లిమర్ల మండలంలో పల్లెటూరు, ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కేజీల్లో వెండి పతకం. “ఆలకి కోచ్చులున్నారు, నీకెవులున్నారు?” అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు, బావ పేరు చెప్పి తప్పించుకున్నా.

ఆగస్టు

అందరూ భయపెట్టే గాబ్లెట్ స్క్వాట్ నాకు ఈజీగా వచ్చింది. బెల్‌ని రెండు చేతులతో పిడి పక్కల పట్టుకుని గుండెకి ఆనించుకుని గొంతుక్కూర్చోడమే, మోచేతులు మోకాళ్ళ లోపలికి రావాలి, మడమలు లేవకూడదు. ల్యాబ్‌లో పాతికేళ్ళ పిల్లలు ఇద్దరికి చూపిస్తే మడమలు లేచిపోయాయి. మా అత్తమ్మ అరవై దాటాక కూడా పెరట్లో గొంతుక్కూర్చుని గంట సేపు చేపలు తోముతారు, మడమ కదలదు. ఎనిమిది కేజీలది చేతికిస్తే నవ్వుకుంటూ నాలుగు చేసి, “ఇందులో ఏటుందే” అని లోపలికెళ్ళిపోయారు.

అవును, ఎనిమిది కేజీలది కూడా కొన్నా. ఒకే ఒక్కటి అన్న రూలు ఆగస్టులో ఎగిరిపోయింది. స్వింగ్‌కి 12 చాలు, స్క్వాట్‌కీ చాలు, కానీ తల మీదకి ఒంటి చేత్తో ఎత్తే ప్రెస్‌కి, బెల్ పైకి పట్టుకుని పడుకున్న చోటు నుంచి లేచే గెటప్‌కి అది ఎక్కువ. తుంటికీ భుజానికీ బలంలో అంత తేడా ఉంటుంది. ఇప్పుడు ఎవరైనా అడిగితే రెండూ కలిపే కొనమంటా. (8ది కాటా మీద 7 కేజీల 910. మావయ్య దీన్ని క్షమించారు.)

లెక్క ఇలా సాగుతోంది: ఫోన్లో టైమర్, నిమిషం మొదట్లో పది స్వింగులు, మిగిలిన సెకండ్లు అటూ ఇటూ నడక, అలా పది నిమిషాలు. మొదట్లో ఐదు నిమిషాలే. తర్వాతి సెట్టుకి ముందు ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి, లేకపోతే ఇంకో నిమిషం ఆగాలి. నేను పిల్లాడికి పదమూడో ఎక్కం అప్పచెప్తా, మధ్యలో గాలి అందకపోతే వాడే “అమ్మా రెస్ట్” అంటాడు. బీపీ ఉన్నోళ్ళకి ముఖ్యంగా ఒక మాట, ఎక్కడా ఊపిరి బిగబట్టి ఉంచొద్దు, బరువుతో ఊపిరి బిగిస్తే బీపీ ఒక్కసారి పైకి పోతుంది.

మన ఉక్కపోతకి చేతులు చెమట పట్టి పిడి జారుతుంది, ముందే పొడిగుడ్డతో తుడుచుకుంటూ ఉండాలి. అరచేతిలో కాయలు కాశాయి, స్నానానికి ముందు మడమలు రుద్దే రాయితో రుద్దేస్తే సమంగా ఉంటాయి, ఎత్తుగా వదిలేస్తే ఏదో రోజు పిడి మడతలో పడి చర్మం లేచిపోతుంది. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, గుండు భాగానికి పల్చగా కొబ్బరి నూనె, పిడికి మాత్రం వద్దు.

అక్టోబరు, వాన

మనకి అక్టోబరు వచ్చిందంటేనే దడ, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ ఈ నెలలోనే. ఈసారి తుఫాను కాదు గానీ అల్పపీడనం పట్టుకుని వదల్లేదు, డాబా మీద నాచు పట్టి జారుడుబండ అయిపోయింది. తడి నేల మీద స్వింగ్ అనేది అస్సలు వద్దు. మకాం మావయ్య గోడౌన్లోకి మార్చా, బస్తాల వరసల మధ్య సందు, ఇటు చివర నుంచి అటు చివరికి ముప్పై అడుగులు ఉంటుంది.

ఆ సందు చూసే కొత్త ఐటెం మొదలెట్టా. ఒక చేత్తో బెల్ పట్టుకుని, ఇంకో చెయ్యి ఖాళీగా, అటూ ఇటూ పక్కకి ఒరక్కుండా తిన్నగా నడవడం. చూడ్డానికి సంచి మోసుకెళ్తున్నట్టే ఉంటుంది, కానీ 20 కేజీల తూకం రాయితో రెండు రౌండ్లు వేస్తే ఎదురు వైపు నడుం పక్క కండ అంటే ఏంటో తెలుస్తుంది. పట్టు కూడా పెరుగుతుంది, ఇంట్లో పచ్చడి జాడీ మూతలు ఇప్పుడు నన్నే పిలిచి తీయిస్తున్నారు.

గోడౌన్లో కళాసీలు చూస్తుంటారు. ఒకాయన, యాభై పైనే ఉంటాయి, నా స్వింగులు అయ్యేదాకా బీడీ ఆర్పేసి నిలబడ్డాడు.

“దీన్ని ఎక్కడికి మొయ్యాలమ్మా?”

“ఎక్కడికీ లేదు బాబూ, ఇక్కడే ఊపడం.”

“మరి కూలి ఎవులిస్తారు?”

అందరూ ఘొల్లున నవ్వారు, నేనూ నవ్వా. కానీ ఆయన ఖాళీ గోనె దులపడానికి వంగినప్పుడు గమనించా, నడుం మీద చెయ్యి పెట్టుకునే వంగాడు. రోజూ బరువు మోసేవాళ్ళకి జిమ్ అక్కర్లేదు అనే మాట నాకు నచ్చదు. ఆయన మోత అంతా ఒకే భుజం మీద, బస్తా ఎంత బరువుండాలో వేరేవాళ్ళు చెప్తారు, ఎప్పుడు ఆపాలో లారీ చెప్తుంది. నా బెల్ బరువు నేను ఎంచుకున్నా, రెండు వైపులా సమానంగా చేస్తా, నిద్ర లేకపోతే ఆ రోజు మానేస్తా.

నవంబరు, డిసెంబరు

గెటప్ మీదే ఈ రెండు నెలలూ గడిచాయి. వెల్లకిలా పడుకుని ఒక చేత్తో బెల్ పైకి పట్టుకుని, చెయ్యి వంచకుండా లేచి నిలబడటం, మళ్ళీ అదే దారిలో పడుకోవడం. ముందు మోచేతి మీదకి, తర్వాత అరచేతి మీదకి, తుంటి ఎత్తి కాలు కిందనుంచి వెనక్కి లాగి మోకాలి మీదకి, అక్కడ్నుంచి లేవడం. ప్రతి మెట్టు దగ్గరా ఒక శ్వాస ఆగాలి. దీన్ని బెల్‌తో మొదలెట్టనే కూడదు. పిడికిలి మీద స్టీలు గ్లాసు, సగం నీళ్ళు, ఒలక్కుండా లేచి పడుకోవాలి. పిల్లాడికి ఇదే పెద్ద ఆట అయిపోయింది, వాడూ చేస్తానని చాప మీద నీళ్ళన్నీ పోశాడు. గ్లాసు నిలబడ్డాకే 8 కేజీలు, అది కూడా ఒక్కో వైపు రెండు మూడు మించకుండా. చలి పొద్దుల్లో భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి దీన్ని స్వింగులకి ముందే, ఒళ్ళు కాస్త తిప్పాక చేస్తున్నా.

స్వింగ్ ఇప్పుడు ఒంటి చేత్తో, పది నిమిషాలూ నిండుతోంది, పదమూడో ఎక్కం చివరిదాకా వస్తోంది. బరువు తూచుకుంటే పెద్ద తేడా లేదు, ఒకటిన్నర కేజీ తగ్గానేమో, దాని కోసం చేసే పని కాదు ఇది. నాకు కనిపించిన తేడా ల్యాబ్‌లో, సెంట్రిఫ్యూజ్ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి మార్చాలంటే అటెండర్ కోసం చూసేదాన్ని, మొన్న ఆ అబ్బాయి వచ్చేలోపే మార్చేశా.

సంక్రాంతి ముందు

12ని కుడి చేత్తో తల మీదకి ప్రెస్ చెయ్యడం వచ్చింది. ఎడమ చేత్తో రాలేదు, చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. బావకి వీడియో పంపిస్తే మూడు చెప్పారు: ప్రెస్‌కి ముందు ఖాళీ చేతి పిడికిలి కూడా గట్టిగా బిగించు, పిర్రలు బిగించు, మణికట్టు వెనక్కి విరగనివ్వకు. ఇంకా 8ని తలకిందులుగా, అంటే గుండు పైకి పిడి కిందకి, పట్టుకుని నిలబెట్టడం రోజూ కాసేపు, దాంతో పట్టూ భుజమూ రెండూ సర్దుకుంటాయట. అవి పెట్టా. 12ని మోకాళ్ళ చిన్న కుదుపుతో పైకి తోసి, కిందకి మాత్రం ఐదు లెక్కపెడుతూ దించుతున్నా ఎడమ వైపు.

పండగకి అప్ప వాళ్ళు వస్తున్నారు. అప్ప కూడా చేస్తానంటోంది, ఆవిడకి థైరాయిడ్, మోకాళ్ళ నొప్పి ఉన్నాయి, డాక్టర్ సరే అంటే బూజుకర్రతో మొదలుపెడతాం. నెలాఖరు లోపు ఎడమ చెయ్యి ఒక్కటైనా పూర్తిగా లేపితే 16 సంగతి చూస్తా, అప్పటిదాకా ఈ రెండూ, ఆ తూకం రాయీ చాలు.